లాభం, రెండు, మూడు...

మా పక్కవాటాలోకి కొత్తగా దిగిన అమ్మాయి మొన్న సాయంత్రం వాళ్ళ బుజ్జిగాణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. కాఫీ గ్లాసు చేతికిచ్చానో లేదో, "మా వాడికి అప్పుడే వంద దాకా వచ్చండీ పిన్నిగారూ!" అంది. వాడికింకా అయిదో ఏడు నిండలేదు.

"ఏదీ, చెప్పు నాన్నా" అన్నాను. అనక తప్పుతుందా మరి!

వాడు చేతులు కట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, వన్ను దగ్గర ఎత్తుకుని హండ్రెడ్ దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేశాడు. ట్వెంటీనైన్ దగ్గర మాత్రం, మా మాచర్ల ప్యాసింజరు నడికుడిలో ఆగినట్టు, కాస్త ఆగాడు. తల్లి పెదాలు కదిపింది. బండి మళ్ళీ కదిలింది.

నేను ఊరుకోవచ్చుగా? "శభాష్! వంటింట్లో కిందరలో బిస్కట్ల డబ్బా ఉంది. ఆరు బిస్కట్లు పట్టుకురా, నీకే" అన్నాను.

వాడు వెళ్ళి రెండు చేతులకీ పట్టినన్ని తెచ్చాడు. బల్లమీద పరిచి లెక్కపెట్టమన్నాను. వేలు పెట్టి మొదలెట్టాడు గాని, వేలు ఒకదారి, నోరు ఒకదారి. వేలు ఒక బిస్కట్టు మీద ఉండగానే నోరు రెండంకెలు దాటేస్తోంది. మొత్తం తొమ్మిది బిస్కట్లకి వాడి లెక్క ఫోర్టీన్ తేలింది. "అయితే ఎన్ని ఉన్నాయమ్మా?" అంటే మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు. ఈసారి ఇలెవెన్.

తల్లి ముఖం చిన్నబోయింది. "ఇంట్లో బాగా చెబుతాడండీ. కొత్త కదా, బెదిరాడు" అంది. వాడి తప్పేమీ లేదనీ, ఆ వయసులో అంతేననీ సర్దిచెప్పబోయాను గాని ఆ అమ్మాయి మనసు అప్పటికే నొచ్చుకుంది. కాఫీ సగంలో వదిలేసి, పొయ్యిమీద పాలు పెట్టి వచ్చానంటూ లేచిపోయింది.

"రిటైరై నాలుగైదేళ్ళయినా పరీక్షలు పెట్టే జబ్బు నీకు పోలేదు" అన్నారు మావారు పేపరు చాటునుంచి.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, జబ్బే. కాని ఆ జబ్బు నాకు ఊరికే పట్టుకోలేదు. దాని వెనక ఒక చిన్నపిల్ల ఉంది. ఆ సంగతి ఇంతవరకూ మావారికి కూడా పూర్తిగా చెప్పలేదు.

నేను ఉద్యోగంలో చేరింది 1983లో. గుంటూరునుంచి అప్పట్లో మీటరు గేజి రైలు. పెట్టె, పరుపుచుట్టతో మాచర్ల స్టేషన్లో దిగాను. వచ్చిన కొత్తలో నాకు ఊరంతా రాయిగానే కనబడేది. గోడలు రాయి, అరుగులు రాయి, వీధిలో పరిచింది రాయి. మా బడి నేల కూడా నాపరాళ్ళే. వేసవి మధ్యాహ్నాలు ఆ బండలమీద పిల్లల్ని కూచోబెడితే హాయిగా చల్లగా ఉండేది. నాకిచ్చింది ఒకటో తరగతి. యాభైమందికి తక్కువ ఉండేవారు కాదు.

ఒకటో తరగతిలో లెక్కలంటే ఏముంది? ఒంట్లు. ఒకడు లేచి "ఒకటీ" అంటే యాభై గొంతులు "ఒకటీ" అనాలి. మా ఒంట్లు వీధి చివరికి వినపడేవి. దారినపోయేవాళ్ళు, "కొత్త పంతులమ్మ బాగా చెబుతోందే" అనుకునేవాళ్ళట. నేనూ అలాగే అనుకునేదాన్ని. దసరా సెలవులకల్లా యాభై దాకా, సంక్రాంతికి వంద దాకా పిల్లల నోట పలికించేదాన్ని. పలకని వాళ్ళ పేరు పక్కన నా నోటుబుక్కులో "లెక్కలు రావు" అని రాసేదాన్ని. అంత సులువుగా రాసేదాన్ని.

నా మూడో ఏడాది తరగతిలో ఒక పిల్ల ఉండేది. గోడవార రెండో వరసలో కూచునేది. చంద్రవంక అవతలనుంచి వాళ్ళ నాయనమ్మ తీసుకొచ్చి దింపి వెళ్ళేది. రెండు పొట్టి జడలు, వెలిసిపోయిన ఎర్ర రిబ్బన్లు. తనంతట తాను మాట్లాడేది కాదు. ఒకరోజు ఆ పిల్లని ముందుకు పిలిచి, ఎనిమిది చింతగింజలు బండమీద పోసి లెక్కపెట్టమన్నాను.

ఆ పిల్ల చతికిలబడి కూచుని, ఒక్కో గింజనీ చూపుడువేలితో పక్కకి జరుపుతూ మెల్లిగా మొదలెట్టింది: "లాభం... రెండు... మూడు... నాలుగు... అయిదు... ఆరు... ఆరున్నొకటి... ఎనిమిది."

తరగతి గొల్లుమంది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది గాని, నేనూ నవ్వాను.

నవ్వి ఊరుకున్నా బాగుండేది. "లాభం ఏమిటి? ఒకటి అను" అన్నాను. అనలేదు. "ఆరు తర్వాత ఎంత?" అన్నాను. తల దించుకుంది. "అనేదాకా నిలబడు" అన్నాను. గంట కొట్టేదాకా నిలబడింది గాని అనలేదు. మొండిది అనుకున్నాను. ఆ సాయంత్రం నోటుబుక్కులో ఆ పిల్ల పేరు పక్కన కూడా ఆ రెండు మాటలూ రాశాను.

మర్నాటినుంచి పిల్లలు ఆ పిల్లని "లాభం" అని పిలవడం మొదలెట్టారు. ఒంట్లు చెప్పేటప్పుడు ఆ పిల్ల పెదాలు కదలడం మానేశాయి. నెల తిరక్కుండానే బడికి రావడం కూడా మానేసింది. మిరపకోతల రోజులు, అయినవాళ్ళతోపాటు చేలకి పోతోందేమో అనుకున్నాను. పల్నాట్లో అది మామూలే కదా! అలా అనుకోవడం నాకూ హాయిగానే ఉండింది.

మీలో పల్లెటూరి ముఖం చూసినవాళ్ళకి ఆ పిల్ల ఏం చెప్పిందో ఎప్పుడో తెలిసిపోయి ఉంటుంది. కళ్ళంలో గింజలు కొలిచేటప్పుడు మొదటి కొలతని పెద్దలు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడుని ఏడు అనరు కొందరు. ఏడవమన్నట్టు వినిపిస్తుందని ఆరున్నొకటి అంటారు. ఇదంతా నాకు తెలియక కాదు. మా అమ్మమ్మ వడ్లు కొలిపిస్తుంటే పక్కన కూచుని చిన్నప్పుడు నేనూ విన్నదే. కాని బళ్ళో కుర్చీలో కూచున్నాక అది గుర్తు రాలేదు. ఇంటి లెక్క వేరు, బడి లెక్క వేరు అనుకునేదాన్ని. అంతకన్నా పెద్ద తప్పు మరొకటుంది. నా చెవి ఆ పిల్ల మాటలు విన్నది గాని, నా కన్ను ఆ పిల్ల వేలిని చూడలేదు.

ఆ వేలిని చూపించింది నిమ్మకాయలు.

వేసవి మొదట్లో ఊరగాయకి నిమ్మకాయలు కొందామని బజారుకి వెళ్ళాను. గోనెపట్టా మీద కాయలు రాశి పోసుకుని వాళ్ళ నాయనమ్మ కనిపించింది. పక్కనే ఈ పిల్ల. నన్ను చూసి ముసలమ్మ వెనక్కి జరిగింది.

"నూరు కాయలు కావాలి అవ్వా" అన్నాను.

అవ్వ లెక్కపెట్టడం మొదలెట్టింది. చేతికి రెండేసి చొప్పున నాలుగు కాయలు ఒక్కసారిగా తీసి నా సంచిలో వెయ్యడం. నాలుగు కాయలైతే ఒక పుంజీ. "లాభం... రెండు... మూడు... నాలుగు... అయిదు." అయిదు పుంజీలు పడగానే పిల్ల తన ఒళ్ళోనుంచి ఒక చింతగింజ తీసి పట్టామీద పెట్టింది. అవ్వ మళ్ళీ లాభం అంటూ మొదటికొచ్చింది. ఒక్కో గింజా ఇరవై కాయలకి గుర్తన్నమాట. అయిదు గింజలు పడితే నూరు.

మధ్యలో ఎవరో వచ్చి బేరం ఆడారు. అవ్వ వాళ్ళతో వాదించి ఇటు తిరిగేసరికి లెక్క మరిచిపోయింది. "ఏడిదాకా వచ్చామే?" అంది.

"మూడు గింజలు పడినాయి. ఆ పైన లాభం, రెండు" అంది పిల్ల, తడుముకోకుండా.

నేను లోపల ఎక్కం చదువుకున్నాను. మూడిరవైలు అరవై, రెండు నాలుగులు ఎనిమిది, అరవై ఎనిమిది. అవ్వ నిమిషం ఆగకుండా "మూడు" అంటూ మరో పుంజీ వేసింది. అయిదో గింజ పడ్డాక, నేను డబ్బులిస్తుంటే, రెండు కాయలు కొసరు వేసింది. "అయితే మొత్తం ఎన్నయినాయి? నూటరెండా?" అన్నాను పిల్లని పలకరించినట్టుంటుందని.

ఆ పిల్ల నాకేసి మొదటిసారి సూటిగా చూసింది. "కొసరు లెక్కలోకి రాదు టీచర్" అంది.

"లెక్కలు రావు" అని నేను రాసింది ఈ పిల్లకి.

"బడికి రావడం లేదేం అవ్వా?" అన్నాను, గొంతు సవరించుకుని.

"నవ్వుతన్నారంట అమ్మగారూ. లాభం, లాభం అని పిలుస్తన్నారంట. ఆ మాట నేర్పింది నేనే. కొలిచేటప్పుడు మొదలు లాభం అంటే గింజ పెరుగుద్దని మా పెద్దోళ్ళు అనేవోళ్ళు. బళ్ళో అట్టా అనకూడదని నాకేం తెలుసు?" అంది. తప్పు తనదే అయినట్టు చెప్పింది. నాకు నోట మాట రాలేదు. ఇంటికొచ్చి కాయలు పోసి లెక్కపెట్టాను. నూరు, పైన కొసరు రెండు.

మర్నాడు తరగతిలో హాజరు పిలిచాక, పిల్లల్ని వేలితో చూపిస్తూ నేనే మొదలెట్టాను: "లాభం, రెండు, మూడు..." నిశ్శబ్దం. తర్వాత ఎవడో కిసుక్కుమన్నాడు. "మీ ఇళ్ళల్లో ఎవరెవరు ఇలా లెక్కపెడతారు?" అని అడిగాను. మొదట ఒక చెయ్యి లేచింది. తర్వాత మూడు. చివరికి తరగతిలో సగం చేతులు లేచాయి. ఆ రోజు గొల్లుమన్న వాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో కూడా అదే మాట. వాళ్ళ నవ్వులో, తమ ఇంటి మాట బయటపడలేదన్న నిశ్చింత కూడా ఉందన్నమాట!

ఆ సాయంత్రం చంద్రవంక దాటి వాళ్ళింటికి వెళ్ళాను. "మా బళ్ళో గింజలు లెక్కచూసే మనిషి కావాలి, పంపుతావా అవ్వా?" అన్నాను. పిల్ల తలుపు చాటునుంచి విన్నది. నాలుగు రోజులు రాలేదు. అయిదోరోజు వచ్చి గుమ్మంలో నిలబడింది. గింజల సంచి ఆ పిల్ల చేతికిచ్చాను.

ఆ తర్వాతే నేను ఒకటో తరగతి లెక్కలు చెప్పడం నేర్చుకున్నాననాలి. పుస్తకాలు కూడా అప్పుడే వెతుక్కుని చదివాను. 1978లో గెల్మన్, గాలిస్టెల్ అనే ఇద్దరు పండితులు పిల్లల లెక్కింపు మీద ఒక పుస్తకం రాశారు. లెక్కపెట్టడమంటే ఏమిటో వాళ్ళు అయిదు ముక్కల్లో చెప్పారు. ఒక్కో వస్తువుకి ఒక్క మాటే పడాలి. ఆ మాటల వరస ఎప్పుడూ ఒకేలా ఉండాలి. చివర పడ్డ మాటే మొత్తానికి పేరు. గింజలైనా, గిన్నెలైనా, చప్పట్లైనా లెక్క ఒకటే. ఎటునుంచి మొదలెట్టినా మొత్తం మారదు. అంతే. అంకెల పేర్లు బడి పేర్లే అయ్యుండాలని అందులో ఎక్కడా లేదు. చిన్నపిల్లలు ఒకోసారి తమ సొంత వరసతో లెక్కపెడతారనీ, ఆ వరస తప్పకపోతే అదీ లెక్కేననీ వాళ్ళు గమనించారు. ఇంకేం! లాభం అన్నా, ఒకటన్నా, వన్నన్నా ఒకటే. ఆ లెక్కన ఆ రోజు నా తరగతిలో సరిగ్గా లెక్కపెట్టినది ఆ పిల్లే. వంద దాకా అరిచిన తక్కినవాళ్ళలో ఎందరికి ఎనిమిది గింజలు లెక్కించడం వచ్చో నేనెన్నడూ చూడలేదు.

అప్పటినుంచి మా ఒంట్లకి గొంతు తగ్గి చెయ్యి వచ్చింది. గింజ జరగాలి, అప్పుడే మాట పడాలి. మా నాపరాళ్ళ నేల కూడా పనికొచ్చింది. బండకొక అడుగు, అడుక్కొక అంకె. గెంతి అయిదో బండమీద ఆగాలి. వేలికన్నా నోరు ముందు పరుగెత్తే పిల్లలు కూడా కాళ్ళతో లెక్కపెడితే తొందరపడలేరు. రెండు వరసల్లో ఏడేసి గుంటలు గీసి వామనగుంటలు ఆడించాను. గుంటకొక గింజ వేసుకుంటూ పోవడంకన్నా మంచి లెక్కల పాఠం ఏ పుస్తకంలో ఉంది చెప్పండి? మన అమ్మమ్మలు దాన్ని మధ్యాహ్నం పొద్దుపోక ఆడే ఆటనుకున్నారు.

లెక్కపెట్టడం వచ్చినా "ఎన్ని?" అంటే మళ్ళీ మొదటినుంచి అందుకునే పిల్లలుంటారు, మా పక్కవాటా బుజ్జిగాడిలా. చివరి మాట మొత్తానికి పేరని వాళ్ళకింకా తట్టలేదన్నమాట. దానికి నేను గిన్నె బోర్లించేదాన్ని. అయిదు గింజలు లెక్కపెట్టించి, వెంటనే గిన్నెతో మూసేసి, "లోపల ఎన్నున్నాయి?" అనడం. మళ్ళీ లెక్కపెట్టడానికి వీల్లేదు కదా! కొన్నాళ్ళకి "అయిదు" అని వస్తుంది. ఆ తర్వాత రెండు గింజలు తీసి చూపించి, "ఇప్పుడు గిన్నె కింద ఎన్ని?" అనాలి. కూడికలూ తీసివేతలూ అక్కడే పుడతాయి, పలకమీద కాదు.

మరో విచిత్రం చెప్పనా? స్విట్జర్లాండులో పియాజే అనే ఆయన ఉండేవాడు. 1941లో ఆయన పుస్తకం ఒకటి ఫ్రెంచిలో వచ్చింది. గుడ్లూ, గుడ్డు పెట్టే కప్పులూ ఎదురెదురుగా వరసగా పెట్టి చిన్నపిల్లల్ని అడిగేవాడట. ఎదురెదురుగా ఉన్నంతసేపూ సమానమే అనేవారు. గుడ్లని దగ్గరికి జరిపి కప్పుల వరసని పొడుగ్గా ఉంచితే, కప్పులు ఎక్కువయ్యాయనేవారు! నాకు నమ్మకం కలగలేదు. నాలుగున్నరేళ్ళ మా అమ్మాయిని కూచోబెట్టి చింతగింజలతో అలాగే అడిగాను. "ఇటువైపు ఎక్కువ" అంది, పొడుగు వరస చూపించి. ఒక్క గింజ కూడా కలపలేదే తల్లీ అంటే వినదు. అప్పుడర్థమైంది, భోజనాల దగ్గర ఒక అప్పడంతో పేచీ పెట్టే పిల్ల, దాన్నే నాలుగు ముక్కలు చేసి పెడితే సంబరపడిపోయి ఎందుకు తింటోందో! ఆరేడేళ్ళు వచ్చేసరికి ఆ భ్రమ దానంతటదే విడిపోతుంది. ప్రశ్న అడిగే తీరు మారిస్తే ఇంకా చిన్నవాళ్ళే సరిగ్గా చెబుతారని పియాజే తర్వాతివాళ్ళు చూపించారు. ఏదైనా, పిల్ల తప్పు చెబితే మొద్దు అనడానికి ముందు, దాని కంటికి ఏం కనబడుతోందో చూడాలి.

ఇక సున్న. సున్నకన్నా కష్టమైన అంకె లేదు. లేనిదాన్ని ఎలా చూపిస్తాం? 1939లో మద్రాసు అడయారుకి వచ్చిన మాంటిస్సోరి అమ్మగారు దానికి మంచి ఉపాయం పెట్టారు. గళ్ళగళ్ళ పెట్టెలో సున్ననుంచి తొమ్మిది దాకా అంకెలు, గడిలో ఆ అంకె ఉన్నన్ని కదుళ్ళు వెయ్యాలి. మొత్తం కదుళ్ళు నలభై అయిదే. అన్ని గళ్ళూ నిండేసరికి సున్న గడి ఖాళీగా మిగులుతుంది. నా దగ్గర కదుళ్ళు లేవు గాని చీపురుపుల్లలకి కరువేమిటి? ఆవిడదే ఇంకో ఆట ఉంది, సున్నసార్లు రమ్మనడం. "మూడుసార్లు చప్పట్లు కొట్టండి" అంటే కొడతారు. "సున్నసార్లు కొట్టండి" అంటే చేతులు లేచి, గాల్లో ఆగి, ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు. ఎవడో తొందరపడి ఒక్కటి కొట్టేస్తాడు. తక్కినవాళ్ళు పకపకా నవ్వుతారు. ఆ నవ్వు వేరు. దాంట్లో కొట్టినవాడు కూడా కలుస్తాడు.

పది దాటాక మన తెలుగే పంతులమ్మ. ఇరవై అయిదు రాయమంటే కొందరు పిల్లలు ఇరవైకి 20 వేసి, పక్కన 5 పెట్టి, 205 అని రాస్తారు. చెవికి వినపడ్డట్టే రాశారు, వాళ్ళ తప్పేముంది? అప్పుడు చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టించేదాన్ని. మన పెద్దవాళ్ళు ఇరువది, ముప్పది, నలువది అనేవారు. ఆ మాటల చివర పది వినపడుతూనే ఉంది. ఇరువది అంటే రెండు పదులు, ముప్పది అంటే మూడు పదులు. వాడుకలో అరిగి ఇరవై, ముప్పై అయ్యేసరికి ఆ పది దాక్కుంది. రెండు కట్టలూ, అయిదు విడిపుల్లలూ చేతిలో పెట్టి "ఇరువది అయిదు" అనిపిస్తే, 205 రాసే పిల్లవాడు కట్టలవంక చూసి తనే చెరిపేస్తాడు. ఇంగ్లీషులో ఇలెవెన్, ట్వెల్వు అంటే పది ఎక్కడా వినపడదు. మన పదకొండులో మాత్రం బాహాటంగా పది ఉంది. ఇంట్లో ఇంగ్లీషులో చెప్పించినా ఫరవాలేదు గాని, ఈ మాటలు కూడా పిల్లల చెవిన వేస్తూ ఉండండి.

2003లో మా బళ్ళలో మధ్యాహ్న భోజనం వండి పెట్టడం మొదలయ్యాక నాకు ఇంకో పాఠం దొరికింది. పళ్ళాలు పంచడం. పిల్లకొక పళ్ళెం, పళ్ళేనికొక గుడ్డు. మిగిలితే ఎన్ని, తగ్గితే ఎన్ని? తన గుడ్డు సంగతైతే ఏ పిల్లా లెక్క తప్పదు! 2021లో కేంద్రంవాళ్ళు నిపుణ్ భారత్ అని ఒక పథకం పెట్టి, మూడో తరగతి పూర్తయ్యేలోపు ప్రతి పిల్లకీ చదవడం, రాయడం, చిన్న లెక్కలు అర్థమై రావాలన్నారు. మంచిమాటే. అర్థమై రావడం అన్నచోటే ఉంది కిటుకంతా. పై తరగతుల్లో లెక్కలంటే హడలిపోయే పిల్లల్ని చూస్తే నాకు ఒకటో తరగతిలో వాళ్ళనెవరు నవ్వారో అనిపిస్తుంది.

ఆ పిల్ల సంగతి చెప్పలేదు కదూ? అయిదో తరగతి దాకా మా బళ్ళోనే చదివింది. "లాభం" అన్న పేరు పూర్తిగా పోలేదు గాని, గింజల సంచి తన చేతిలో ఉన్నందువల్లనేమో, ఆ పేరు పెడితే ఏడవడం మానేసింది. తర్వాత వాళ్ళు పనులకోసం ఊరు విడిచి వెళ్ళిపోయారు. మళ్ళీ నాకు కనబడలేదు. అవ్వ సరే, ఈపాటికి ఉండదు. నా పాత నోటుబుక్కులు మాత్రం చాలారోజులు దాచుకున్నాను. ఆ పిల్లకంటే ముందు రెండేళ్ళలో నేను "లెక్కలు రావు" అని రాసిన పేర్లు పదకొండు ఉన్నాయి వాటిలో. ఆ పదకొండుమందిలో ఎవరి వేలు ఎలా కదిలిందో నేను చూడలేదు. ఇప్పుడు చూద్దామన్నా చూడలేను.

పక్కవాటా అమ్మాయి దగ్గరికి మర్నాడు నేనే వెళ్ళాను. ఒక గుప్పెడు చింతగింజలు, ఒక గిన్నె పట్టుకెళ్ళి బుజ్జిగాడితో కాసేపు ఆడాను. రాత్రి భోజనాలకి పళ్ళాలు వాడిచేత పెట్టించమన్నాను. "వంద మాటేమిటండీ మరి?" అంది ఆ అమ్మాయి దిగులుగా. "వంద ఎక్కడికీ పోదమ్మా. ముందు ఆరు రానీ" అన్నాను.

నిన్న సాయంత్రం తల్లీకొడుకులు మళ్ళీ వచ్చారు. ఈసారి నేను ఏమీ అడగలేదు. వాడే వంటింట్లోకి వెళ్ళి డబ్బా తెచ్చుకుని, బల్లమీద ఒక్కో బిస్కట్టూ తీసి పెడుతూ, వేలితో నొక్కుతూ, "లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు" అని ఆగి, డబ్బా మూత పెట్టేశాడు. గింజలతో ఆడేటప్పుడు నా నోటినుంచి అలవాటుగా వచ్చిన మాట వాడు పట్టేసినట్టున్నాడు.

"లాభం ఏమిట్రా? ఎవరైనా వింటే నవ్వుతారు!" అంటూ తల్లి ఫక్కున నవ్వింది.

"నవ్వకమ్మా" అన్నాను. కాస్త కటువుగానే అన్నానేమో, మావారు పేపరు దించి నావైపు చూశారు.